‘ఒంటిదిబ్బ’ మూడో డబ్బా

2019 జూన్ నెల. ఏలూరు వన్‌టౌన్‌లో మా తాతగారు ఇత్తడి సామాను అమ్మిన కొట్లోనే నేను పాత సినిమా సరుకు అమ్మడం మొదలుపెట్టి అప్పటికి పందొమ్మిదేళ్లు. ముందు గదిలో పాటల పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డులు, లాబీ కార్డులు ఉంటాయి. లాబీ కార్డు అంటే ఒకప్పుడు సినిమా హాలు వరండాలో అద్దాల పెట్టెలో పెట్టిన ఫొటో అట్ట. వెనక గదిలో చాపల మధ్య పరిచిన వాల్‌పోస్టర్లు. కొట్లోకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అన్నీ తిరగేసి, ఇలాంటివి మేం పొయ్యిలో పెట్టేశామండీ అని నవ్వి వెళ్లిపోతారు. ఎక్కడో ఒకరు మాత్రం ఒక అట్టముక్కను చూసి పక్కన పెట్టి, మళ్లీ మళ్లీ దాని దగ్గరికే వస్తారు. ఆ సంగతి కనిపెట్టడం మా వృత్తిలో సగం. కనిపెట్టనట్టు ఉండటం మిగతా సగం.

ఈ విద్య నాకు పుస్తకాల్లో రాలేదు. మా తాతగారు పాత బిందె కొనేటప్పుడు ముందు దాని సొట్ట చూసేవారు. సొట్ట లేకపోతే ఉన్నట్టు చూసేవారు. కావలసిన వస్తువును అన్నిటికన్నా చివర ముట్టుకోవాలి, ముట్టుకున్నాక పెదవి విరవాలి, ధర కుదరకపోతే లేచిపోవాలి, పిలిచేదాకా వెనక్కి తిరగకూడదు. పిలవకపోతే కొన్నాళ్లు అటు మొహం చూపించకూడదు. దీనికి ఆయన ‘ఆరబెట్టడం’ అని పేరు పెట్టారు. తడిబట్ట ఆరినట్టే అమ్మేవాడి పట్టుదల కూడా ఆరుతుందని ఆయన నమ్మకం. మా నాన్నగారు బట్టల కొట్లో అదే చేశారు, నేను పోస్టర్లతో చేశాను. పెళ్లిచూపుల్లో పెట్టిన సున్నుండల్లో నెయ్యి తగ్గిందని నేను అన్న మాట మా ఆవిడ ఇప్పటికీ మరిచిపోలేదు. పిల్ల నచ్చింది కాబట్టే అలా అన్నానని ఎంత చెప్పినా ఆమెకు బోధపడలేదు. మా ఇంట్లో పుట్టి ఉంటే బోధపడేది.

ఇక సినిమా సంగతి. ‘ఒంటిదిబ్బ’ అరవైలలో వచ్చిన నలుపు తెలుపు దెయ్యం సినిమా. మద్రాసు నుంచి కంపెనీవాళ్లు వచ్చి, కొంత భాగం మన కొల్లేట్లోనే పడవల మీద తిరిగి తీశారు. పట్నాల్లో అది నిలబడలేదు. నెగెటివ్ ల్యాబ్‌లోనే పడి పాడైపోయిందని వ్యాపారంలో చెప్పుకుంటారు. నెగెటివ్ అంటే మాతృక. అది పోతే కొత్త కాపీలు తీయడం ఉండదు. ఆ తర్వాత ఈ సినిమా బతికిందల్లా టూరింగ్ టాకీసుల్లో, అంటే ఊరూరా డేరా వేసి ఆడించే సినిమాల్లో. లంక గ్రామాలకు డబ్బాలు పడవ మీద చేరాలి కాబట్టి అక్కడ పెద్ద రీళ్లు కాకుండా 16 ఎం.ఎం. ప్రింట్ ఆడించేవారు. అది సన్నటి ఫిలిం. ఒక్కో బొమ్మ చిటికెనవేలి గోరంత ఉంటుంది.

పౌరాణికాల పోస్టర్లను జనం దాచుకున్నారు. దేవుడి బొమ్మను చింపడానికి చెయ్యి రాదు కదా. దెయ్యం బొమ్మను ఎవరు దాస్తారు? గోడకు అంటించిన మర్నాటికల్లా, పిల్లలు జడుసుకుంటున్నారని ఆ ఇంటివాళ్లే గీకి పారేసేవారు. అందుకని అవి దొరకవు. దొరకని సినిమా గురించి చెప్పుకునే మాటలు మాత్రం ఏటికేడు పెరుగుతాయి. ‘ఒంటిదిబ్బ’లో అందరూ చెప్పేది పడవ సీను. తెల్లవారుతుండగా ఒక పడవవాడు గెడ వేసుకుంటూ ఒక అమ్మాయిని దిబ్బకు తీసుకెళ్తుంటాడు. సగం దూరం పోయాక వెనక్కి తిరిగి చూస్తాడు. ఆమె జుట్టులోంచి నీళ్లు కారుతుంటాయి. పడవలో మాత్రం చుక్క తడి ఉండదు. అంతే సీను. అరుపుల్లేవు, కోరల్లేవు. ఆ కాసేపూ సౌండు ఉండదని ఒకరు, లేదు నీళ్ల చప్పుడు వినపడుతుందని ఒకరు వాదించుకుంటారు. వాదించేవాళ్లలో సినిమా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. హైదరాబాదులో నా ఖాతాదారు ఒకాయన పళ్ల డాక్టరు. పొద్దంతా జనం భయపడుతూ ఆయన కుర్చీలో కూర్చుంటారు, సాయంత్రం ఆయన భయపడటానికి ఇంట్లో తెర కట్టుకుని కూర్చుంటారు. ‘ఒంటిదిబ్బ’ దొరికితే ఏమిస్తారని నేను అడిగితే, మీరేం అడుగుతారో అదే ఇస్తానన్నారు. బేరగాడికి అంతకన్నా నిద్ర పట్టనివ్వని మాట లేదు.

ఆ జూన్‌లో తాడేపల్లిగూడెం నుంచి మస్తాన్ గారు ఫోన్ చేశారు. ఆయనది పాత ఇనుము వ్యాపారం. తిరిగే ఊళ్లలో నా సరుకు కంటబడితే కబురు చెబుతారు.

“శెట్టిగారూ, మీరు వెతికే డబ్బాలు నాలుగు చూశానండి. గణపవరం దాటి లోపలికెళ్లాక, చెరువుల మధ్య ఊరు. తూకానికిమ్మంటే ఆవిడ ఇవ్వనంది. ఇనుము ఇవ్వచ్చు గానీ లోపల మా నాన్న ఉన్నాడండీ అంది. నేనింక అక్కడ నిలబడలేదు.”

డబ్బా మీద ఏం రాసుందని అడిగాను. పెయింటుతో ‘ఒంటి’ అని ఉందని, మిగతాది తుప్పు తినేసిందని చెప్పారు.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాను. మంచి చొక్కా వేసుకోలేదు. కొనడానికి వెళ్లేటప్పుడు నలిగిన చొక్కా వేసుకోవడం మా ఇంటి పద్ధతి. గణపవరం దాటాక రోడ్డుకు రెండు పక్కలా చేపల చెరువులే. ఊరి మొదట్లో చర్చి, దాని వెనక రెండు గదుల పెంకుటిల్లు. కరుణమ్మ గారికి అరవై దాటి ఉంటాయి. చర్చి బడిలో ఆయాగా చేసి మానేశారు. భర్త పోయి చాలా ఏళ్లయింది. కొడుకు రాజు చెరువు కౌలుకు తీసుకుని చేపలు పెంచుతున్నాడు. కోడలు పురిటికి పుట్టింటికి వెళ్లి ఉంది. ఇదంతా నేను అడగకుండానే, మంచినీళ్లు ఇచ్చేలోపు చెప్పారు. మనిషిని నమ్మడానికి ఆవిడకు ఒక్క గ్లాసు నీళ్లంత సమయం చాలు.

డబ్బాలు మంచం కింద నుంచి లాగారు. వాటి కథ కూడా ఆవిడే చెప్పారు. వాళ్ల నాన్న పేరు ఏసోబు. కొల్లేట్లో పడవ నడిపేవాడు. సినిమావాళ్లు వచ్చినప్పుడు, పడవవాడి వేషానికి తెచ్చుకున్న మనిషికి గెడ పట్టడం రాక పడవ గిర్రున తిరిగిందట. నువ్వే నిలబడవయ్యా అని ఏసోబును నిలబెట్టారు. అప్పటికి ఈవిడ చంకలో పిల్ల. మరుసటేడు ఆయన జ్వరంతో పోయాడు. ఇంట్లో ఒక్క ఫొటో లేదు. పడవవాళ్లకు ఫొటో ఎవరు తీస్తారండీ అన్నారు.

ఈవిడకు ఏడేళ్లప్పుడు వాళ్ల ఊరి పక్కకే టూరింగ్ టాకీసు వచ్చింది. తల్లి వెంటబెట్టుకుని తీసుకెళ్లింది.

“మా అమ్మ మోచేత్తో పొడిచి, అడుగోనే మీ నాన్న, అందండి. అప్పటికే నేను కళ్లు గట్టిగా మూసేసుకున్నాను. ఆ దెయ్యప్పిల్లని చూసి. తెరిచేసరికి పడవా లేదు, మా నాన్నా లేడు, ఎవరో పెళ్లిలో పాట పాడుతున్నారు.”

మర్నాడు మళ్లీ వెళ్దామనుకుంటే డేరా పీకేసి పడవెక్కించేశారు. అక్కడున్న నాలుగొందల మందీ ఆవిడ నాన్నను చూశారు, ఆవిడ తప్ప. తర్వాత పెళ్లాడిన ప్రకాశం గారు టూరింగ్ టాకీసులోనే ఆపరేటరు, అంటే ప్రొజెక్టర్ నడిపే మనిషి. ఆ కంపెనీ మూతపడ్డ రోజు యజమాని ఏం కావాలో తీసుకోమంటే, తోటివాళ్లు కుర్చీలు, డేరా గుడ్డలు పట్టుకెళ్లారు. ఆయన భార్య కోసం ఈ నాలుగు డబ్బాలు తెచ్చారు. ఫొటో కట్టిస్తానని స్టూడియోల చుట్టూ తిరిగారు. బొమ్మ మరీ చిన్నది, మావల్ల కాదని వాళ్లు పంపించేశారు. ఆయన పోయారు, డబ్బాలు మంచం కింద ఉండిపోయాయి. ఇప్పుడు ఆవిడ కళ్లల్లో పొరలొచ్చి అంత చిన్నవి ఆనవు.

ఇదంతా చెప్పి, చేతులు కొంగుకు తుడుచుకుని అన్నారు: “మా నాన్న ముఖం ఒక్క ఫొటో కట్టించి ఇవ్వండి బాబూ. ఈ డబ్బాలు మీరే పట్టుకెళ్లండి. నాకింకేం వద్దు.”

ఇక్కడ ఆగి నా సంగతి చెప్పాలి. మామూలు మనిషైతే సరేనమ్మా అని డబ్బాలు బండికి కట్టుకునేవాడు. నాకు ఆ మాట వినగానే వెన్ను నిటారైంది. మా వాళ్ల చెవికి ‘ఇంకేం వద్దు’ అనేది బేరంలో మొదటి మాట. అది అన్నవాళ్లకు ఏదో పెద్దదే కావాలని అర్థం. పైగా అంతకు మూడేళ్ల ముందు అత్తిలిలో ఒకాయన పాటల పుస్తకాల బస్తా ఊరికే ఇచ్చాడు. రెండు నెలలకు ఆయన బంధువులు నలుగురు వచ్చి కొట్లో బైఠాయించి, అమాయకుణ్ణి చేసి దోచుకున్నానని వీధంతా వినపడేలా అన్నారు. అప్పటినుంచి ఎంత చిన్నదైనా ఒక ధర కట్టి, కాగితం మీద సంతకం పెట్టించుకోకుండా సరుకు తీసుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ధర తక్కువగా ఉండాలంటే సరుకు పనికిరానిదై ఉండాలి. కనుక దాన్ని పనికిరానిదిగా చేయడానికి కూర్చున్నాను.

మొదటి మూడు డబ్బాలనూ వదిలి నాలుగోది తెరిచాను. పుల్లటి వాసన గుప్పుమంది. దీన్ని వెనిగర్ సిండ్రోమ్ అంటారు. పాత ఫిలిం చెమ్మకూ వేడికీ లోపల్లోపల కుళ్లి, పుల్లటి ఆవిరి విడుస్తుంది. పక్కనున్న మంచి ఫిలింకు కూడా అంటిస్తుంది. అయితే వాసన మొదలైనంత మాత్రాన బొమ్మ పోయినట్టు కాదు. జాగ్రత్తగా స్కానింగ్ చేయిస్తే, అంటే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే, దక్కుతుంది. ఈ రెండో సంగతి నేను ఆవిడకు చెప్పలేదు.

పడవ సీను ఉంటుందని విన్న మూడో డబ్బాను ఆనవాయితీ ప్రకారం చివర ముట్టుకున్నాను. అరుగు మీద నిలబడి, ఫిలింను ఆకాశానికేసి పెట్టి, లూప్‌తో చూశాను. లూప్ అంటే కంటికి ఆనించుకునే చిన్న భూతద్దం. చేతులతో లాగుతూ పోగా పోగా పడవ వచ్చింది. గెడ, పడవవాడు, అతని వెనక తెల్లచీరలో అమ్మాయి. పాత సినిమాలు పోగుచేసేవాళ్లు ఏళ్ల తరబడి కొట్టుకుంటున్న సీను నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉంది. ఆ సంతోషం ముఖంలో కనపడకుండా చూసుకోవడానికే నా తెలివంతా సరిపోయింది. జేబులో నోట్‌బుక్ తీసి కండిషన్ రాసుకున్నాను. మా వృత్తిలో ప్రతి వస్తువుకూ ఒక మెట్టు ఉంటుంది: మింట్ అంటే కొత్తదానిలా ఉన్నది, దాని కింద ఫైన్, గుడ్, ఫెయిర్, అన్నిటికన్నా అడుగున పూర్.

కరుణమ్మ గారు నా పక్కనే నిలబడి నా ముఖంలోకి చూస్తున్నారు.

“ఉన్నాడాండీ మా నాన్న?”

“బొమ్మ మిగల్లేదమ్మా,” అన్నాను. “వాసన చూశారు కదా. అంతా చెరిగిపోయింది.”

ఆ మాట అన్నప్పుడు నాకు పాపభీతి ఏమీ కలగలేదు. నా లెక్క నాకుంది. ఇవాళ లేదంటాను, చవగ్గా కొంటాను, తర్వాత ఫొటో కట్టించి పట్టుకొస్తాను, ఆవిడ సంతోషిస్తుంది. అబద్ధానికి ముందే ప్రాయశ్చిత్తం రాసిపెట్టుకున్న మనిషికి భయమెందుకు? డబ్బాల ఖరీదని ఏదో చిన్న మొత్తం చెప్పాను.

ఆవిడ డబ్బాకేసి చూస్తూ అడిగారు: “బొమ్మ లేని రీలు మీకెందుకండీ మరి?”

“కొట్లో అలంకారానికమ్మా.”

“ఇంత వాసనొచ్చే అలంకారమా అండీ?”

నేను నవ్వాను, ఆవిడ నవ్వలేదు. కొడుకును అడిగి చెబుతానన్నారు. అది విని, ఆవిడ పట్టుదల ఇంకా తడిగా ఉందని నాకు అనిపించింది. ఆరడానికి తోడు ఒక మాట కూడా వేశాను: ఈ గాలి గుండెకు మంచిది కాదు, చంటిపిల్ల రాబోయే ఇంట్లో అసలు ఉంచకూడదు. లేచి చెప్పులేసుకుని, మా తాతగారు నేర్పిన నడకతో గుమ్మం దాటాను. వెనక నుంచి పిలుపు వచ్చింది. గర్వంగా ఆగాను. ఎండ ఎక్కువగా ఉంది, తలకు రుమాలు కట్టుకోండి బాబూ అన్నారు.

పది రోజులు ఆరబెడదామనుకున్నాను. ఈలోపు డాక్టరు గారికి ఫోన్ చేసి, ప్రింట్ ఎక్కడుందో తెలిసింది గానీ యజమాని మహా గట్టి మనిషని చెప్పాను. అక్కడ కూడా ఆరబెట్టడమే. ఆయన రోజు విడిచి రోజు ఫోన్ చేశారు, నేను ఒకటి విడిచి ఒకటి ఎత్తాను. పది రోజులు పదిహేనయ్యాయి. వానలు మొదలయ్యాయి. ద్వారకా తిరుమలలో ఒక సత్రం గది ఖాళీ చేస్తూ పాత పోస్టర్లు అమ్ముతున్నారంటే అటు వెళ్లాను. కరుణమ్మ గారి నుంచి కబురు వస్తుందని ఎదురుచూశాను. రాకపోయేసరికి నాకు పట్టుదల పెరిగింది. ఎంత తెలివైన మనిషి, నన్నే ఆరబెడుతోంది అనుకున్నాను. ఆవిడ అసలు బేరంలోనే లేదన్న ఆలోచన నా బుర్రకు తట్టలేదు. మా బుర్రలో ఆ గది లేదు.

నెలన్నర దాటాక, ఆగస్టులో వెళ్లాను. ఊరికి కొంచెం ఇవతల కరుణమ్మ గారి కొడుకు రాజు చెరువు. చేపల చెరువుల మీద నీటికాకులు, గూడబాతులు వాలి పిల్లచేపలను తినేస్తుంటాయి. వాటిని బెదరగొట్టడానికి చెరువు మీద అడ్డంగా, వెదురు గెడ నుంచి గెడకు మెరిసే రిబ్బను కడతారు. గాలికి అది తళతళలాడుతూ బుంయ్ మని మోగుతుంది. పాత క్యాసెట్ టేపులు కట్టినవాళ్లు కూడా ఉన్నారు. ఆ రోజు మబ్బు పట్టి గాలి జోరుగా ఉంది. రాజు చెరువు మీద కట్టింది రిబ్బను కాదు, క్యాసెట్ టేపు కాదు. అంచున వరసగా చిల్లులున్నాయి.

బండి స్టాండు వేయడం కూడా మరిచిపోయి గట్టెక్కాను. వెనక అది పడిపోయిన చప్పుడు వినిపించింది. మేత బస్తా విప్పుతున్న రాజు నేనెవరో పోల్చుకుని పలకరించాడు.

“అమ్మే ఇచ్చిందండి. లోపల ఏమీ లేదన్నారట కదా మీరు. పాప వస్తోంది, వాసన మంచిది కాదన్నారట. పారేయడానికి మనసొప్పక, నీ చెరువుకు పనికొస్తే కట్టుకోరా అంది. టేపు కన్నా గట్టిదండి ఇది. కట్టిన రోజు నుంచి ఒక్క పక్షి వాలితే ఒట్టు. ఏం సినిమా అండీ ఇది?”

దెయ్యం సినిమా అన్నాను. అతను నవ్వాడు. అతని తప్పేముంది?

లూప్ తీసి మొదటి గెడ దగ్గర చూశాను. గాజులా తెల్లగా ఉంది. బొమ్మ ఉండేది ఫిలిం మీద పూసిన జెలటిన్ అనే జిగురు పొరలో. వెనిగర్ పట్టిన ఫిలింలో ఆ పొర పట్టు వదిలేసి ఉంటుంది. కట్టినప్పటి నుంచి పడ్డ వానలకు అది నాని, జారి, చెరువులోకి కారిపోయింది. అక్కడక్కడా గోధుమరంగు చారలు మిగిలాయి. నాలుగు డబ్బాల్లోని ఫిలిమూ అలా గాల్లో కట్టి ఉంది. ప్రేమ, పెళ్లి, దిబ్బ, దెయ్యం, అన్నీ చేపలు తినేశాయి.

నా ముఖం చూసి రాజు కంగారుపడ్డాడు. గెడలకు చుట్టిన ముడుల్లో, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు పడిన చోట, వాన చేరకుండా ఏమైనా మిగిలి ఉంటుందేమోనని నాకు తట్టింది. ముడులు విప్పనివ్వమని అడిగాను. ఎందుకని అడగకుండా అతను కూడా నడుములోతు నీళ్లలోకి దిగాడు. మధ్యాహ్నం దాకా ప్రతి ముడీ విప్పాం. ఒక్క ముడిలో, అన్నిటికన్నా లోపలి చుట్టులో, ఎనిమిది బొమ్మలు దొరికాయి. తెల్లచీర, కారుతున్న జుట్టు, ఇటే చూస్తున్న అమ్మాయి. పడవవాడు లేడు. అతను ఆ తర్వాతి చుట్టులో ఉండాలి. ఆ చుట్టు గాజులా ఉంది.

ఆ రోజు కరుణమ్మ గారి ఇంటికి వెళ్లలేదు. ముక్కను ఏలూరు తెచ్చి స్కాన్ చేయించి, పెద్ద ఫొటో కట్టించాను. ఫొటో అద్భుతంగా వచ్చింది. అంటే జూన్‌లో నేను మనసుపెట్టి ఉంటే ఆవిడ నాన్న కూడా అంతే బాగా వచ్చేవాడు. డాక్టరు గారికి జరిగింది చెప్పాను. ఆయన, ఆ చెరిగిపోయిన ముక్కయినా ఒక గజం పంపుతారా అని అడిగారు. పంపాను. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నారట. వచ్చినవాళ్లకు, ఇది పక్షులను కూడా భయపెట్టిన సినిమా అని చెబుతారట. ఆయన పిచ్చిని నేను ఎగతాళి చేయను. ఆయనకు కనీసం ఏం పోయిందో తెలుసు.

మరుసటి ఆదివారం, చర్చి వదిలిన వేళకు వెళ్లాను. కోడలు వచ్చి ఉంది, వరండాలో ఉయ్యాల కట్టారు. రాజు గుమ్మంలో నిలబడ్డాడు, కూర్చోమనలేదు. కరుణమ్మ గారు కూర్చోమన్నారు. ఫొటో చేతికిచ్చాను. వెలుతురులోకి తిప్పి, దగ్గరగా పెట్టుకుని చూశారు.

“ఇదేనా అండీ ఆ దెయ్యప్పిల్ల?”

అవునన్నాను.

“చిన్నపిల్లండీ. పద్దెనిమిదేళ్లు కూడా ఉండవు. పాపం, చలికి పెదాలు ఎలా వణుకుతున్నాయో చూడండి.” ఫొటో మీద వేలితో నెమ్మదిగా రాశారు. “దీన్ని చూసా నేను కళ్లు మూసుకుంది.”

అప్పుడు ఆవిడకు అసలు విషయం అందింది. చెయ్యి ఆగిపోయింది. “అయితే బొమ్మ ఉందన్నమాట.”

చెప్పేశాను. ఆ రోజు బొమ్మ ఉంది, పడవ సీను మొత్తం ఉంది, మీ నాన్నగారు ఉన్నారు, ధర కోసం లేదన్నాను. చెబుతున్నంతసేపూ ఆవిడ తిడితే బాగుండునని ఎదురుచూశాను. తిడితే అది కూడా ఒక రకం వసూలు, నా బాకీ కొంచెం తగ్గేది. రాజు గుమ్మం దిగి పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆవిడ ఫొటోను ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగారు. గొంతులో కోపం లేదు, ఆత్రం ఉంది.

“మీరు చూశారు కదండీ ఆ రోజు. ఎలా ఉంటాడండీ మా నాన్న?”

నా ఇన్నేళ్ల వ్యాపారంలో కొనేవాళ్లు అడిగిన ఏ ప్రశ్నకూ నేను జవాబు తడుముకోలేదు. ఆ క్షణాన ఒక ముఖం కల్పించి చెప్పడం నాకు చిటికెలో పని. కోలముఖం అనచ్చు, మీ పోలికే అనచ్చు, రాజులా ఉన్నారు అనచ్చు. ఆవిడ నమ్మేది, చచ్చేదాకా ఆ ముఖాన్నే దాచుకునేది. నోరు తెరిచాను. ఆ ఇంట్లో రెండో అబద్ధం చెప్పడానికి నాలుక తిరగలేదు. జేబులోంచి నోట్‌బుక్ తీశాను, అందులో ఏమైనా రాసుకున్నానేమోనని. ‘మూడో డబ్బా. పడవ సీను పూర్తి. అంచు చిల్లులు రెండడుగులు చిరుగు. నిలువు గీతలు. ఫెయిర్.’ ఆయన గురించి ఈ భూమ్మీద మిగిలిన రాత అదొక్కటే.

“ముఖం చూడలేదమ్మా,” అన్నాను. “గీతలు చూశాను.”

“ముఖం మీదేనా అండీ గీతలు?”

“ముఖం మీదేనమ్మా.”

“ఎన్నండీ?”

“మూడు.”

ఆవిడ తలూపారు, అది కూడా ఒక కబురే అన్నట్టు. ఉయ్యాల్లో పాప ఏడిస్తే లేచి వెళ్లారు.

ఈ బేరం నుంచి ఏం నేర్చుకున్నారని మా వృత్తిలో కొత్తగా అడుగుపెడుతున్నవాళ్లు అడుగుతారు. బేరం మానేయమని చెబితే అబద్ధమవుతుంది, నేను మానలేదు. నిన్ననే ఒక రికార్డుకు లేని గీత ఉన్నట్టు చూశాను. కానీ ఎవరైనా ఒక వస్తువు పక్కన ఒక మనిషి పేరు చెబితే, అది బేరం కాదని ఇప్పుడు నాకు తెలుసు. అలాంటప్పుడు అడిగింది అడిగినట్టు చేసి, ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకుంటాను. ఈ సంగతి పసిగట్టి, లేని తాతను ఉన్నట్టు చెప్పి నన్ను ముంచినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. మునగనీ. ఏ రీలు వచ్చినా, ఏ ఫొటో వచ్చినా ముందు అందులో ఉన్నవాళ్ల ముఖాలు చూస్తాను, ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఉంచుతాను, ఆ తర్వాతే మెట్టు, ధర.

అరుగు మీద నిలబడి ఆకాశానికేసి ఫిలిం పట్టుకున్న ఆ పొద్దును గుర్తు తెచ్చుకోవాలని ఇప్పటికీ ప్రయత్నిస్తుంటాను. చూసిన కన్ను నాదే కదా, లోపల ఎక్కడో ఉండే ఉంటుందని కళ్లు మూసుకుని కూర్చుంటాను. గెడ వస్తుంది. పడవ వస్తుంది. చిరిగిన అంచు, చిల్లులు ఒక్కొక్కటే వస్తాయి. ముఖం ఉండాల్సిన చోట మూడు గీతలు వస్తాయి, చాలా స్పష్టంగా.